పోలీసు విద్య: కళాశాలయు, ఠాణాయు

పోలీసు కొలువును గోరు యువకునకు ఆ విద్యను కళాశాలయందే గరపవలెనను వాదము దేశమున నానాట బలపడుచున్నది. గుజరాతు ప్రభుత్వము 2009లో స్థాపించిన రక్షాశక్తి విశ్వవిద్యాలయము 2020లో పార్లమెంటు చట్టముచే రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయముగ మారి, జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యైనది. రాజస్థానమున జోధపురమునందును సర్దారు పటేలు పేర నొక పోలీసు విశ్వవిద్యాలయము వెలసినది. వైద్యునకు, న్యాయవాదికి, ఉపాధ్యాయునకు కళాశాల లుండగా, పౌరుని చేతులకు సంకెల వేయు నధికారము గలవానికి మాత్రము కళాశాల యేల యుండరాదు? ఈ ప్రశ్న న్యాయమైనది. ఈ నూతనోద్యమమును మేము స్వాగతించుచున్నాము. కాని పట్టము చేతికి వచ్చినంతనే పోలీసువాని స్వభావము మారిపోవునను నమ్మకము మాకు లేదు. కళాశాలకు వెనుక ఠాణా రెండవ గురువై కూర్చుండియున్నది. ఆ రెండవ గురువును సంస్కరింపక మొదటి గురువును మాత్రము తెచ్చుకొనుట వ్యర్థ ప్రయాసమని మా యభిప్రాయము.

మన పోలీసు వ్యవస్థ పుట్టుకను ఒక్కసారి తలచుకొనుట యవసరము. చెన్నరాజధానిలో శిస్తు వసూలునకై రైతులను హింసించుచున్నారను మొర సీమవరకు బోగా, దానిని విచారించిన సంఘము 1855లో ఆ హింస నిజమేయని నివేదించినది. పిమ్మట 1859లో చెన్నరాజధానికి పోలీసు చట్టము వచ్చినది. 1857 నాటి తిరుగుబాటు చల్లారిన వెనుక 1861లో హిందూదేశమునకంతకు పోలీసు చట్టము వచ్చినది. ఐర్లండు ప్రజలను అణచుటకు ఏర్పడిన దళమే వీనికి ఒరవడి యయ్యెను. ప్రజలకు జవాబు చెప్పుట కాదు, ప్రభువు మాట జవదాటకుండుటయే ఈ దళమునకు నేర్పిన మొదటి పాఠము. 1902లో నియమింపబడిన పోలీసు కమిషను, అది ఆంగ్లేయులు వేసికొన్న కమిషనే యైనను, పోలీసుల శిక్షణము లోపభూయిష్ఠమనియు, ప్రజలు వారిని లంచగొండులుగను పీడకులుగను ఎంచుచున్నారనియు ఒప్పుకొనక తప్పలేదు. 1930లో బందరు కోనేరు కడ జెండాను విడువని తోట నరసయ్యనాయుడుగారిని స్పృహ దప్పువరకు గొట్టిన జవానులు సీమనుండి ఓడ దిగినవారు కారు. వారును మన పల్లెల బిడ్డలే. తన జాతివాని తలపై లాఠీ నెత్తునట్లు ఒక పల్లెబిడ్డను మార్చినది శిక్షణమే. కావున శిక్షణము అల్పవిషయమని యెవ్వరును తలంపరాదు.

స్వరాజ్యము వచ్చిన వెనుక పై యధికారుల శిక్షణమునకు కొంత శ్రద్ధ జరిగినది. 1948లో ఆబూ పర్వతముపై నెలకొల్పబడిన జాతీయ పోలీసు అకాడమీ 1975లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటికిని మన నడుమ నున్నది. కాని పేదవానికి ఆపద వచ్చినపుడు ఎదుటబడువాడు ఐ.పి.యస్. అధికారి కాడు, కానిస్టేబులు. దళమున అత్యధిక సంఖ్యాకులును వారే. తెలుగునాట ఇంటర్మీడియేటు చదివి, పోటీ పరీక్షలో నెగ్గి, పరుగుపందెములలో నిలిచి ఆ కొలువునకు వచ్చిన బాలునకు ఇంచుమించు తొమ్మిది నెలలలో కవాతు, తుపాకి, చట్టము అన్నియు నేర్పి పంపుచున్నారు. ఎవనికి ప్రజలతో పని యెక్కువయో వానికే చదువు తక్కువ! ఈ విపరీతమును గుర్తెరిగియే కాబోలు, 1971లో ప్రభుత్వము పోలీసు శిక్షణమును పరిశీలించుటకు వేసిన సంఘమునకు సంఘశాస్త్రజ్ఞుడగు గోరే పండితుని అధ్యక్షునిగ జేసినది. ఆయన నివేదిక వచ్చి అర్ధశతాబ్దము దాటినది.

కాలము మాత్రము ఆగలేదు. 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినవి. సోదాలను చిత్రీకరింపవలెను, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్షగల నేరములందు శాస్త్రనిపుణులు నేరస్థలమునకు రావలెను. పోలీసువాని యెదుట నిందితుడు చేసిన నేరాంగీకారము వానిపై సాక్ష్యము గాదను పూర్వనియమము క్రొత్త చట్టమునందును నిలిచియున్నది. అనగా కొట్టి చెప్పించిన మాటకు న్యాయస్థానమున విలువ లేదు. వెదకి తెచ్చిన ఆధారమునకే విలువ. వెదకుటకు విద్య కావలెను, కొట్టుటకు విద్య యక్కరలేదు. కళాశాల విద్యను మేము కోరుటకు ఇంతకంటె బలమైన కారణము లేదు.

అయినను ఈ మార్గమున ముందు నడచినవారి యనుభవమును జూడకుండుట వివేకము కాదు. అమెరికాలో బెర్కిలీ నగరపు పోలీసు అధిపతియైన ఆగస్టు వోల్మరు, తాను పెద్ద చదువులు చదివినవాడు కాకున్నను, 1908లో తన జవానులకు బడి పెట్టెను. 1916 నాటికి ఆ విద్యను అచ్చటి విశ్వవిద్యాలయము గడప దాటించెను. అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రము మరియొక యడుగు ముందునకు వేసినది. అచ్చట 1970ల దశకము నుండియు పోలీసు కొలువునకు లైసెన్సు కావలెను. కనీసము రెండేండ్ల కళాశాల చదువు ముగింపనిదే ఆ లైసెన్సు దొరకదు. విద్యార్థి కళాశాలలో చట్టమును, సంఘశాస్త్రమును చదివి, శారీరక శిక్షణమును బొంది, రాష్ట్రపు పరీక్ష నిచ్చి, అటుపిమ్మట ఏ నగరపు దళమునందో యుద్యోగము వెదకుకొనును.

ఇంత కట్టుదిట్టముగల ఆ రాష్ట్రపు మిన్నియాపోలిసు నగరముననే 2020 మే 25వ తేదీన జార్జి ఫ్లాయిడు అను నల్లజాతివాడు ఒక పోలీసు అధికారి మోకాటి క్రింద తొమ్మిది నిమిషములకు పైగా నలిగి మరణించెను. అచ్చట నున్న నలుగురిలో ఇద్దరు విశ్వవిద్యాలయ పట్టభద్రులు. కొలువున చేరి కొన్నినాళ్లే యైనవారు. వారిలో నొకడు, ఇతనిని ప్రక్కకు త్రిప్పుదమా యని అడిగెను. మోకాలు మోపిన పెద్దవాడు వలదనెను. చిన్నవాడు మరల నడిగెను, ఫలితము లేకపోయెను. ఆ పెద్దవాడో, క్రొత్తవారికి వీథిలో పని నేర్పు శిక్షకుడు! 2021లో న్యాయస్థానము అతనిని హంతకునిగ నిర్ణయించినది. 2022లో ఆ చిన్నవారిరువురును గూడ దోషులని తేలినది. కళాశాల ఆ యువకుని నోట ప్రశ్నను బెట్టగలిగినది కాని, ఆ ప్రశ్నకు బలము నీయలేకపోయినది. నాలుగేండ్ల చదువును ఠాణా పెద్ద యొక్కమాటతో తుడిచివేసెను.

మన యిల్లు చక్కగా నున్నదని చెప్పుకొనుటకును వీలులేదు. అదే సంవత్సరము జూనులో తమిళనాడునందలి సాత్తాంకుళములో చిన్న దుకాణము నడుపుకొను తండ్రీకొడుకులు పోలీసుల నిర్బంధమున దెబ్బలు తిని, ఒకరి వెంట నొకరు మరణించిరి. నిర్బంధింపబడినవాని బంధువునకు వెంటనే తెలుపవలెననియు, పట్టుకొన్న సమయమును వ్రాసి సాక్షి సంతకము తీసికొనవలెననియు సుప్రీముకోర్టు 1996లోనే డి.కె. బసు వ్యాజ్యమున శాసించియున్నది. ఈ తీర్పును వినని పోలీసు శిక్షణాలయము దేశమున లేదు. అయినను క్రొత్తవాడు ఠాణాలో నడుగిడగానే, బడిలో నేర్చినది బడిలోనే విడిచిరమ్మని హితవు చెప్పు పెద్దలు నేటికిని కలరు. వ్యాధి యిచ్చట నున్నది. మందు నింకెచ్చటనో పూసిన ఫలమేమి?

నార్వే దేశము ఈ చిక్కును కొంత గుర్తించినట్లు తోచుచున్నది. అచ్చట పోలీసు విద్య మూడేండ్ల పట్టవిద్య. మొదటి సంవత్సరము కళాశాలలో గడచును; రెండవ సంవత్సరము విద్యార్థిని ఠాణాలకు పంపి, శిక్షకుల చేతి క్రింద పని చేయింతురు; మూడవ సంవత్సరము మరల కళాశాలకే రప్పింతురు. ఈ మూడవ సంవత్సరములోనే కీలక మున్నది. వీథిలో కన్నదానిని, విన్నదానిని, తన మనస్సునకు ఒప్పనిదానిని గురువుల యెదుట బెట్టి ప్రశ్నించుటకు విద్యార్థికి తావు దొరకును. మన పద్ధతిలో బడినుండి ఠాణాకు పోవు త్రోవయే గాని, ఠాణానుండి బడికి మరలివచ్చు త్రోవ సన్నగిలినది.

కావున మన రాష్ట్రములందు ఇట్టి విద్యను నెలకొల్పుచో మూడు నియమములను పాటింపవలెనని మేము కోరుచున్నాము. మొదటిది: పోలీసు విద్యార్థులను గోడలచాటున వేరుగా నుంచరాదు. రేపు తనకెదురుగ న్యాయస్థానమున నిలుచు న్యాయవాదితోను, సమ్మె చేయు కార్మికుని కుమారునితోను, మాలమాదిగల బిడ్డలతోను, స్త్రీలతోను ఒక్క బల్లపై కూర్చుండి చదివిన చదువే వానిని పౌరునిగ నిలుపును. రెండవది: క్రొత్తవానికి పని నేర్పు ఠాణాలను, శిక్షకులను ఏరి యెన్నుకొనవలెను, శిష్యుడు చేసిన తప్పునకు గురువును గూడ జవాబుదారుని చేయవలెను. ప్రకాశసింగు వ్యాజ్యమున 2006లో సుప్రీముకోర్టు ఠాణా యధికారికి రెండేండ్లైనను ఒక్కచోట కొలువుండవలెనని యాదేశించినది. శాసనసభ్యుని కనుసైగకు ఆరునెలల కొక యూరు మారు నధికారి యెవరికి గురువు కాగలడు?

మూడవది బీదల విషయము. ఇంగ్లండులో పోలీసు కొలువునకు పట్టవిద్యను ముడిపెట్టగా, యోగ్యులైన పలువురకు తలుపు మూసినట్లగుచున్నదను మొర పుట్టి, 2022లో అచ్చటి ప్రభుత్వము పట్టముతో పనిలేని మార్గమును గూడ నిలుప నిశ్చయించినది. మన దేశమున ఈ ప్రమాదము మరింత పెద్దది. పోలీసు శాస్త్రమున పట్టము పొందినవాడైనను మరల రాష్ట్ర నియామక మండలి పరీక్షలో నెగ్గవలసినదే; పట్టము కొలువునకు హామీ కాదు. ఈ సత్యమును దాచి, కొలువు చేతిలోనున్నట్లు ప్రకటించి రుసుములు లాగు విద్యావ్యాపారులు బయలుదేరినచో, పొలము తాకట్టుపెట్టి బిడ్డను చదివించు రైతు మోసపోవును. అందువలన కొలువునకు ఎన్నుకొన్న పిమ్మటనే, ప్రభుత్వ వ్యయముతో, జీతమిచ్చుచు కానిస్టేబులునకు పట్టవిద్య చెప్పించుట ఉత్తమమార్గము.

కొలువునకును విద్యకును వైరము లేదనుటకు మన చరిత్రయే సాక్షి. హైదరాబాదు కొత్వాలుగా ప్రసిద్ధికెక్కిన రాజబహద్దరు వెంకటరామరెడ్డిగారు, దూరపు పల్లెలనుండి చదువునకై వచ్చు విద్యార్థులకు నీడ కావలెనని 1918లో రెడ్డి హాస్టలును నెలకొల్పించిరి. తెలంగాణ పోలీసు అకాడమీ నేడు వారి పేరనే యున్నది. 1910లో బందరున జాతీయ కళాశాలను స్థాపించిన పెద్దలు, చేతిపనికిని చదువునకును నడుమనున్న గోడను పడగొట్టదలచిరి. గుమాస్తాలను గాక మనుష్యులను తయారుచేయ దలచిరి. ఆ సంకల్పము నేడు పోలీసు విద్యకు వర్తింపవలెను. చెప్పిన మాట వినుట మాత్రమే తెలిసిన జవాను పరప్రభుత్వమునకు చాలెను. స్వతంత్ర దేశమునకు చాలడు. అన్యాయమైన యాజ్ఞ విన్నపుడు ఇది చట్టము గాదని చెప్పగల జవాను మనకు కావలెను. అట్లు చెప్పినవానిని కాపాడగల ఠాణాయు కావలెను. మొదటివానిని కళాశాల యీయగలదు. రెండవదానిని ప్రభుత్వము, ప్రభుత్వమును నిలదీయు ప్రజలు కలిసి నిర్మింపవలసియున్నది.