ఓడకీ ఈఎంఐ ఉంటుంది

ట్రావెలర్ అని 1977లో మార్క్ మిల్లర్ తయారుచేసిన అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆట ఉంది. టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలతో ఆడేది. ఆడించేవాళ్ళు చాలామంది ముందు పీకేసేది ఓడ జమాఖర్చులు. "ఆఫీసులో ఎక్సెల్ చాలదా, ఇక్కడ కూడానా" అంటారు. నన్నడిగితే ఆటకి ప్రాణం అక్కడే ఉంది.

లెక్క చూడండి. పాత రూల్స్‌లో 200 టన్నుల ఫ్రీ ట్రేడర్ ఖరీదు 3.7 కోట్ల క్రెడిట్లు. అప్పు 40 ఏళ్ళు, నెలవాయిదా ధరలో 240వ వంతు, అంటే 1,54,500 (హోమ్ లోన్ గుర్తొచ్చిందా :)). జంప్ ఎంత దూరమైనా సుమారు వారం పడుతుంది. రేవులో ఇంకో వారం వేసుకుంటే నెలకి రెండు ట్రిప్పులే. 82 టన్నుల సరుకూ నింపినా టన్నుకి వెయ్యి చొప్పున నెలకొచ్చేది 1,64,000. మరి ఇంధనం, జీతాలు, గదికి రెండువేల చొప్పున గాలీ తిండీ ఖర్చు? ప్రయాణికులు దొరకాలి, లేదా ఎవడో తెచ్చిన దొంగసరుకు ఎక్కించుకోవాలి. కథ అక్కడే పుడుతుంది, ఆడించేవాడు కల్పించక్కర్లేదు.

అలాగని ప్రతి పైసా రాయమనను. ఖర్చులన్నీ కలిపి నెలకి ఒక్క అంకె చేసి కాగితం పైన రాసిపెట్టుకుంటే చాలు. వారాల్ని మాత్రం ముట్టుకోకండి. ఈ ఆటలో కబురు కూడా ఓడల్లోనే వెళ్తుంది, అంచేత మీరు దిగేసరికి మీ మీద వారంటు వచ్చిందో లేదో మీకూ తెలీదు, అక్కడి పోలీసులకీ తెలీదు.