ఇంటి సిమ్యులేటర్లు - ఉచిత విమానములు

కంప్యూటరు తెరపై యుద్ధవిమానమును నడుపుట కేవలము కాలహరణమని మన పెద్దలలో పలువురి అభిప్రాయము. ఆడి విడిచిపెట్టువారి విషయమున ఆ మాటను కాదనజాలము. కాని ఆ విమానమును తమ తీరిక వేళలలో ప్రతిఫలాపేక్ష లేక నిర్మించి అందరికిని పంచిపెట్టువారిని కూడ ఒకే గాటన కట్టుట న్యాయము కాదని మా మనవి.

డి.సి.ఎస్. వరల్డ్ అను సిమ్యులేటరునకు అభిమానుల బృందమొకటి ఎ-4ఇ స్కైహాక్ విమానమును సమకూర్చి ఉచితముగా ఇచ్చినది. స్కైహాక్ 1954లో తొలిసారి ఎగిరినది. విమానవాహక నౌకపై మడవనక్కరలేనంత పొట్టి రెక్కలు దానివి. ఆ రెక్కల ముందంచున ఉండు పలకలను కదల్చుటకు మోటారు లేదు. వేగము తగ్గి ముక్కు పైకెత్తినపుడు గాలి ఒత్తిడిలోని మార్పు వలన అవి వాటంతటవే ముందుకు జారును. ఒక్కొక్కప్పుడు ఒక వైపుది ముందుగా, రెండవది ఆలస్యముగా తెరచుకొని విమానము ఒరుగును. ఇట్టిదానిని తెరపైకి తెచ్చుటకు బొమ్మ గీయ నేర్చిన చాలదు. పైలట్ల కొరకు వ్రాసిన పుస్తకములు చదువవలెను, బలములను లెక్కకట్టవలెను, ఆ లెక్కను కంప్యూటరునకు అర్థమగు భాషలో వ్రాయవలెను. మన బి.యస్సీ. తరగతులలో పరీక్ష మరునాడే మరచిపోవు సమీకరణములకు అక్కడ ప్రాణము వచ్చుచున్నది.

ఇంతకన్న విచిత్రమైనది ఫాల్కన్ 4.0 కథ. ఎఫ్-16 విమానమును గూర్చిన ఈ సిమ్యులేటరును మైక్రోప్రోస్ సంస్థ 1998 డిసెంబరులో విడుదల చేసెను. లోపములింకను మిగిలియుండగనే, మరుసటి సంవత్సరాంతమున దానిని నిర్మించిన విభాగము మూతపడెను. 2000లో సోర్సు కోడు అనుమతి లేకయే బయటకు పొక్కినది. దాని ఆధారమున అభిమానులు ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి, నేటి ఫాల్కన్ బి.ఎం.ఎస్.ను రూపొందించిరి. మూలనపడవలసిన వస్తువును బ్రతికించిరి, నిజమే. కాని పునాది ఇతరుల సొత్తు. మూల ఫాల్కన్ కలవారికే తమ కూర్పు పనిచేయునట్లు వారు నియమము పెట్టుకొనుట మెచ్చదగియున్నది. ఉచితముగా ఇచ్చువాడే ఇతరుల హక్కును పాటించుచుండగా, తీసికొనువాడు పాటింపకుండుట ఏమి మర్యాద? హాస్టళ్లలో పెన్‌డ్రైవుల మీద చేతులు మారు ప్రోగ్రాముల సంగతి ఇక్కడ విప్పి చెప్పనక్కరలేదు.

యుద్ధవిమానమే ఎందుకని కొందరు అడుగుదురు. ఆ ఆక్షేపణ తేలికది కాదు. తెరపై బాంబు పేలినపుడు నేలపై ఎవరును ఏడ్వరు. ఈ ఆటలలో మాకు నచ్చనిది అదే. అయినను విమానము ఎట్లు ఎగురునో నేర్చుకొనుటకు ఆయుధములతో పని లేదు.

కనుక మన సైన్సు సంఘమునకు ఫ్లైట్‌గేర్ తగినదని మా అభిప్రాయము. 1990లలో ప్రారంభమైన ఈ సిమ్యులేటరు ఉచితము. సోర్సు కోడును తెరచి చూచుటకు, మార్చుటకు, మార్చినదానిని అవే షరతులపై పంచుటకు దాని లైసెన్సే అనుమతించును. అభిమానులు నిర్మించిన మిగ్-21 కూడ దానికి లభించును. అసలు మిగ్‌ల ఎలక్ట్రానిక్ పరికరముల కొరకే హైదరాబాదులో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ శాఖ ఏర్పడినదనియు, మన వైమానిక దళము 2025 సెప్టెంబరులో ఆ విమానములకు వీడ్కోలు చెప్పినదనియు మన విద్యార్థులలో ఎందరికి తెలియును?

కళాశాల కమిటీ వారు ప్రయోగశాలలోని రెండు కంప్యూటర్లను సెలవు దినములలో ఈ పనికి కేటాయింపవలెనని కోరుచున్నాము. మొత్తము విమానము అక్కరలేదు. ఎత్తుతోపాటు గాలి పీడనము ఎట్లు తగ్గునో లెక్కించి, ఎత్తును చూపు మీటరు ఒక్కదానిని విద్యార్థులు స్వయముగా పనిచేయించినచో, రాబోవు సంచికలో ఉర్దూ, తెలుగు విభాగములు రెంటిలోను ఆ వివరమును వారి పేర్లతో ప్రకటింపవచ్చును.