పాస్‌పోర్టు నిండా స్టాంపులు, చేసేది ఒకటే పని

ఉద్యోగాలు తరచూ మారేవాళ్లకి మన దగ్గర రెండే పేర్లు. జీతం పెరిగితే 'తెలివైనవాడు', పెరగకపోతే 'నిలకడ లేనివాడు'. మరి కార్లోస్ క్వీరోజ్‌ని ఏ ఖాతాలో వేద్దాం?

ఈ పోర్చుగల్ ఫుట్‌బాల్ కోచ్ పనిచేసిన చోట్లు వరసగా చదివితే రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంట్ విన్నట్టు ఉంటుంది. లిస్బన్, న్యూయార్క్, జపాన్‌లోని నగోయా, యూఏఈ, దక్షిణాఫ్రికా, మాంచెస్టర్, మాడ్రిడ్, మళ్లీ మాంచెస్టర్, మళ్లీ పోర్చుగల్, ఇరాన్, కొలంబియా, ఈజిప్ట్, మళ్లీ ఇరాన్, ఖతార్, ఒమన్. అసలు పుట్టిందే పోర్చుగల్లో కాదు. 1953లో, అప్పటికి పోర్చుగల్ పాలనలో ఉన్న మొజాంబిక్‌లో.

"ఇన్ని ఊళ్లు తిరిగి గెలిచిందేంటి?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు. హెడ్ కోచ్‌గా ఆయన గెలిచిన పెద్ద కప్పులు నిజంగానే తక్కువ. కానీ ట్రోఫీలు పక్కనపెట్టి, ఎక్కడ ఎన్నేళ్లు ఉన్నారో ఒకసారి చూడండి. టైమ్ దొరికిన చోట కట్టారు. దొరకని చోట కూలిపోయారు. ఆ కెరీర్ మొత్తం ఇదే కథ.

మొదటి కట్టడం సొంత దేశంలోనే. పోర్చుగల్ కుర్రాళ్ల జట్టుతో 1989లో రియాద్‌లో, 1991లో లిస్బన్‌లో యూత్ ప్రపంచకప్ గెలిచారు. లిస్బన్ ఫైనల్‌కి లక్షకు పైగా జనం వచ్చారు. బ్రెజిల్ మీద పెనాల్టీల్లో గెలిచిన ఆ జట్టులో ఫిగో, రుయ్ కోస్టా ఉన్నారు. తర్వాత పదేళ్లకు పైగా పోర్చుగల్ ఫుట్‌బాల్‌ని మోసింది ఈ కుర్రాళ్లే. అదే క్వీరోజ్‌కి సీనియర్ జట్టు ఇస్తే మాత్రం 1994 ప్రపంచకప్‌కి క్వాలిఫై కాలేదు.

ఇక మాడ్రిడ్. 2003లో రియల్ మాడ్రిడ్ పిలిచింది. జిదాన్, బ్రెజిల్ రొనాల్డో, బెక్‌హామ్, రౌల్, ఒకప్పటి తన శిష్యుడు ఫిగో... ఎవరైనా ఎగిరి గంతేసే ఆఫర్. అయితే అదే వేసవిలో క్లబ్ మకెలెలేని చెల్సీకి అమ్మేసింది. డిఫెన్స్ ముందు నిలబడి అందరి భారం మోసే మిడ్‌ఫీల్డర్ అతను. మన భాషలో చెప్పాలంటే ఫ్రంట్‌ఎండ్ అంతా స్టార్లే, బ్యాక్‌ఎండ్ చూసే ఒక్కడినీ పంపేశారు! సర్వర్ డౌన్ అవ్వక ఏమవుతుంది? లీగ్‌లో చివరి 5 మ్యాచ్‌లూ ఓడి నాలుగో స్థానం. ఒక్క సీజన్‌తో ఆ ఉద్యోగం పోయింది.

ఆయన నేరుగా మాంచెస్టర్ యునైటెడ్‌కి తిరిగి వచ్చారు. వెళ్లేముందు చేసిన అసిస్టెంట్ ఉద్యోగానికే! రియల్ మాడ్రిడ్ హెడ్ కోచ్‌గా చేసినవాళ్లు ఎంతమంది అలా నంబర్ టూ కుర్చీలో మళ్లీ కూర్చుంటారు? ఫెర్గూసన్ పక్కన నాలుగేళ్లు ఉన్నారు. 2008 చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో బార్సిలోనాని ఆపడానికి ట్రైనింగ్ గ్రౌండ్‌లో మ్యాట్‌లు పరిచి, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించారట. రెండు మ్యాచ్‌ల్లోనూ బార్సిలోనాకి ఒక్క గోల్ రాలేదు. స్కోల్స్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో యునైటెడ్ ఫైనల్‌కి వెళ్లింది, కప్పూ గెలిచింది. ఫొటోల్లో ముందున్నది ఫెర్గూసన్. మ్యాట్‌లు పరిచింది ఈయన.

ఆ మ్యాట్‌ల పనినే ఒక దేశం మొత్తానికి చేసి చూపించింది ఇరాన్‌లో. 2011 నుంచి 2019 దాకా, దాదాపు 8 ఏళ్లు. కెరీర్‌లో ఇంతకాలం ఒకే టీమ్‌కి హెడ్ కోచ్‌గా ఉన్నది అక్కడే. అదేమీ సుఖమైన ఉద్యోగం కాదు. ఆంక్షల వల్ల డబ్బు కష్టం, ఫ్రెండ్లీ మ్యాచ్‌లు దొరకడం కష్టం. 2018 ప్రపంచకప్‌కి కొద్దిరోజుల ముందు ఆటగాళ్లకి బూట్లు ఇవ్వలేమని నైకీ చెప్పేసింది. అయినా ఇరాన్ మొదటిసారిగా వరసగా రెండు ప్రపంచకప్‌లు ఆడింది. 2018 క్వాలిఫయింగ్ చివరి రౌండ్‌లో మొదటి 9 మ్యాచ్‌ల్లో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. ఆ దారిలోనే 2015 సెప్టెంబర్‌లో బెంగళూరు కంఠీరవ స్టేడియానికి వచ్చి మన ఇండియాని 3-0తో ఓడించి వెళ్లింది.

అన్నీ పొగడ్తలే అనుకోకండి. ఆయన జట్ల ఆట చాలాసార్లు బోర్ కొడుతుంది. గోల్ ఇవ్వకూడదన్న పట్టుదలలో గోల్ కొట్టడం మర్చిపోయారా అనిపిస్తుంది. కోపమూ ఎక్కువే. దక్షిణాఫ్రికాని 2002 ప్రపంచకప్‌కి క్వాలిఫై చేయించి, సమాఖ్యతో పొసగక టోర్నీ మొదలవ్వకముందే వెళ్లిపోయారు. కొలంబియా ఈక్వెడార్ చేతిలో 6-1తో ఓడాక ఆ ఉద్యోగమూ ఊడింది. 2022 ప్రపంచకప్‌కి కొన్ని వారాల ముందు ఇరాన్ మళ్లీ పిలిస్తే వెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే ఇంగ్లండ్ 6 గోల్స్ కొట్టింది. పాత పేరుతో పిలుపు వస్తుంది కానీ, పాత డిఫెన్స్ కొన్ని వారాల్లో తిరిగి రాదు.

అదృష్టం కూడా సహకరించలేదు. 2014లో అర్జెంటీనాని 90 నిమిషాలు ఆపితే, 91వ నిమిషంలో మెస్సీ కొట్టాడు. 2022లో ఈజిప్ట్‌ని ఆఫ్రికా కప్ ఫైనల్‌కి తీసుకెళ్తే సెనెగల్ చేతిలో పెనాల్టీల్లో ఓటమి. నెల దాటాక ప్రపంచకప్ బెర్తు కోసం ఆడితే మళ్లీ అదే సెనెగల్, మళ్లీ పెనాల్టీలే.

ఆయన్ని అర్థం చేసుకోవడానికి ఒక్క మ్యాచ్ చూడాలంటే నేను 2018లో రష్యాలోని సరాన్స్క్‌లో జరిగింది చూడమంటాను. ఒకవైపు ఇరాన్. అవతల సొంత దేశం పోర్చుగల్, దాని కెప్టెన్‌గా మాంచెస్టర్‌లో తన దగ్గరే ఎదిగిన క్రిస్టియానో రొనాల్డో. రొనాల్డో పెనాల్టీని బెయిరన్‌వాండ్ ఆపేశాడు. ఇంజురీ టైమ్‌లో ఇరాన్ స్కోరు సమం చేసింది, 1-1. వెంటనే తారెమీకి ఎదురుగా గోల్ కనిపించింది. అది పడితే పోర్చుగల్ ఇంటికి, ఇరాన్ నాకౌట్‌కి. బంతి వల పక్కకి తగిలింది. బయటివైపు.

స్పెయిన్, పోర్చుగల్ చెరో 5 పాయింట్లతో ముందుకెళ్లాయి. ఇరాన్ 4 పాయింట్లతో ఆగిపోయింది. రికార్డుల్లో 'గ్రూప్ దశలోనే ఔట్' అని ఒక్క లైన్. దాని వెనక ఏడేళ్ల పని ఉందని ఆ లైన్ చెప్పదు, మ్యాచ్ చూస్తేనే తెలుస్తుంది. ఈ వీకెండ్ హైలైట్స్ పెట్టుకోండి. బంతి వెనక కాకుండా, ఇరాన్ డిఫెండర్ల నలుగురి మధ్య దూరాన్ని గమనించండి. క్వీరోజ్ ఎన్ని దేశాలు తిరిగినా మోసుకెళ్లింది ఆ కొలతే.