రచయిత పరువు పోయింది, పుస్తకం మాత్రం ఆగలేదు

రాసినవాడి మీద నమ్మకం పోతే అతని పుస్తకం మూలన పడుతుందని అనుకుంటాం. 2008లో అమెరికాలో అలా జరగలేదు.

ఆ ఏడాది ఆగస్టులో, అధ్యక్ష ఎన్నికలకు మూడు నెలల ముందు, జెరోమ్ కోర్సీ రాసిన ‘ది ఒబామా నేషన్’ వచ్చింది. ఒబామా తండ్రిది కెన్యాలో ముస్లిం నేపథ్యమున్న కుటుంబం. ఒబామా చిన్నప్పుడు కొన్నేళ్లు జకార్తాలో చదివాడు. ఇవి ఆయన దాచిన విషయాలు కావు, తన 1995 పుస్తకంలోనే రాసుకున్నాడు. ఆయన క్రైస్తవుడు. కోర్సీ మాత్రం వీటికి మసాలా కలిపి, ఇస్లాంతో ఏదో సంబంధం దాస్తున్నాడన్న అనుమానం నాటాడు.

ఒబామా బృందం 40 పేజీల జవాబు ఇచ్చింది. డ్రగ్స్ మానేశాడో లేదో ఒబామా చెప్పలేదని కోర్సీ రాశాడు. మానేశానని ఒబామా అదే 1995 పుస్తకంలో చెప్పాడు. పైగా ముస్లింలను, పోప్‌ను కించపరిచిన కోర్సీ ఇంటర్నెట్ రాతలు 2004లోనే బయటపడి, క్షమాపణ చెప్పాల్సి వచ్చింది.

అయినా పుస్తకం న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి చేరింది. 2010 ఆగస్టు నాటి ప్యూ సర్వేలో 18 శాతం అమెరికన్లు ఒబామాను ముస్లిం అన్నారు. 2011 ఏప్రిల్‌లో ఒబామా పూర్తి జనన ధృవీకరణ పత్రం విడుదల చేశాడు. ఆ పత్రం ఎక్కడని అడుగుతూ కోర్సీ రాసిన ఇంకో పుస్తకం మే నెలలో మార్కెట్లోకి వచ్చింది!

ఎందుకిలా? ‘ఆయన ముస్లిం కాదు’ అన్న జవాబు నిజమే, కానీ అది సగం జవాబు. ముస్లిం కావడమే ఒక ఆరోపణ అన్నట్టు అది వదిలేసింది. మిగతా సగం 2008 అక్టోబర్‌లో టీవీలో చెప్పింది రిపబ్లికన్ నేత, మాజీ విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్. ఒకవేళ ముస్లిం అయితే మాత్రం తప్పేంటి, ఏడేళ్ల ముస్లిం పిల్లాడు అధ్యక్షుడు కావాలని కలగనకూడదా అని సూటిగా అడిగాడు.

ఓచర్ లేని ఎంట్రీని ఆడిటర్ ఒప్పుకోడు. నాయకుల గురించి వచ్చే పుస్తకానికీ, మన ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే మెసేజ్‌కీ అదే లెక్క. రాసింది మనవాడైనా ఓచర్ అడగాల్సిందే. ఇక ‘ముస్లిం’ అన్న మాటను తిట్టులా వాడినచోట, అబద్ధాన్ని ఖండించి ఊరుకుంటే సరిపోదు. అందులో తప్పేముందని కూడా అడగాలి.