లెక్క కావాలి, చిరునామా కాదు

రానున్న ఏడాదిలో సైబర్ ప్రమాదాలు ఏవని అడిగితే అందరూ డిజిటల్ అరెస్టు మోసాల గురించి, కృత్రిమ మేధ సృష్టించే నకిలీ గొంతుల గురించి చెబుతున్నారు. అవి నిజమైన ప్రమాదాలే. సొమ్ము పోయిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలన్న సంగతి ప్రతి ఇంటికీ తెలియవలసినదే. అయితే మైనారిటీలకు అంతకంటె పెద్ద ప్రమాదం దొంగ వద్ద లేదు. మన వివరాలను అధికారికంగా సేకరించి అజాగ్రత్తగా పారవేసే వ్యవస్థ వద్ద ఉన్నది.

ఇది ఊహ కాదు. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతా వివరాలు, కులం, మతం బహిరంగంగా కనిపించాయి. మతాన్ని బట్టి కుటుంబాలను వెతికి పట్టుకునే వీలు కూడా ఉన్నదని నాటి పత్రికలు రాశాయి. పరిశోధకుడు కొడాలి శ్రీనివాస్ ఎత్తిచూపిన తరువాతనే వాటిని తొలగించారు. ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టుకున్న పేదవాని మతం లోకానికంతటికీ ఎందుకు తెలియాలి?

"తప్పు చేయనివానికి దాచుకొనేది ఏముంటుంది?" అని కొందరు పెద్దలు అంటారు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా దస్త్రాలు మోసిన నాకు ఈ మాట రుచించదు. దస్త్రం బీరువాలో ఉన్ననాడు దానిని చూడాలంటే మనిషి రావాలి, అనుమతి కావాలి, సంతకం పెట్టాలి. నేడు ఒక్క మీట చాలు. మతకలహాల చరిత్ర ఉన్న దేశంలో ఇళ్ళ జాబితా ఎవరి చేతికి చిక్కుతుందో ఎవరు హామీ ఇవ్వగలరు?

మతం నమోదు లేకపోతే సంక్షేమం ఎలాగన్నది మరొక వాదం. ఇందులో న్యాయం ఉన్నది. లెక్కలు ఉన్నందుననే 2006లో సచార్ కమిటీ మన వెనుకబాటును నిరూపించగలిగింది. కాని ఆ కమిటీకి అవసరమైనది ఎంతమంది అన్న లెక్కయే గాని ఎవరు, ఏ వీధి అన్న జాబితా కాదు. ఉపకార వేతనానికీ, బీసీ-ఇ ధ్రువపత్రానికీ మతం అడగవచ్చు. ఇంటి పథకానికీ, పింఛనుకూ అడగనక్కరలేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. దాని తరువాత వచ్చిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం రాయితీలు, పథకాల కోసం పౌరుని సమ్మతి లేకుండానే వివరాలు వాడుకొనే వెసులుబాటును ప్రభుత్వానికి ఇచ్చింది. తన సంస్థలను చట్టం నుండి మినహాయించే అధికారం కేంద్రానికి ఉన్నది. పైగా అదే చట్టం సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారమనే సాకుతో అధికారి సమాధానం నిరాకరించడాన్ని సులభం చేసింది. పౌరుడు తెరచిన పుస్తకం, అధికారి మూసిన తలుపు! నిబంధనలు 2025 నవంబరులో వెలువడినా, ప్రధాన బాధ్యతలు అమలులోకి వచ్చేది 2027 మే నాటికి.

ఈలోగా సేవలన్నీ ఫోనులోకి మారిపోతున్నాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' పేరిట వాట్సాప్ పాలన మొదలైంది. సౌకర్యమే, కాదనను. కాని మా జంపని వంటి ఊళ్ళలో చదువురాని వృద్ధురాలు తన ఫోనును, ఓటీపీని పక్కవాని చేతిలో పెట్టక తప్పదు. ఆమె గోప్యతకు ఎవరు బాధ్యులు?

కావున ప్రభుత్వాన్ని మనం అడగవలసినవి మూడు. అవసరం లేని దరఖాస్తులలో మతం గడిని తీసివేయాలి. మన వివరాలను ఎవరు చూశారో మనకు తెలియజేయాలి. అవి బయటపడితే తెలుగులోను, ఉర్దూలోను వెంటనే కబురందించాలి.

అడిగే ముందు మన ఇల్లు కూడా చక్కదిద్దుకుందాం. రంజాన్ సరుకులు పంచేటప్పుడు ఆధార్ జెరాక్సులు పోగుచేయడం, వితంతువుల ఫొటోలు వాట్సాప్ గ్రూపులలో పెట్టడం మన కమిటీలు నేడే మానుకోవాలి. పేదవాని గౌరవాన్ని మనమే కాపాడకుండా ప్రభుత్వాన్ని నిలదీసే అర్హత మనకు ఉండదు. 2027 మే వరకు వేచి చూడడం మాత్రం ఆత్మవంచన. చట్టం మేలుకొనేలోపు జాబితాలు సిద్ధమైపోతాయి.