జీతం బ్యాంకులో వేశారు, జాగ్రత్త ఎవరు నేర్పారు?

జీతాల రోజున మిల్లు గేటు బయట ఎవరెవరు కాచుకుని ఉండేవారో మన పాత కార్మికులకు చెప్పనక్కరలేదు. వారం వడ్డీకి అప్పిచ్చినవాడు, చీటీల మనిషి, సారాకొట్టు బాకీ పుస్తకం పట్టుకున్నవాడు. కవరులోని జీతం ఇల్లు చేరేలోగా సగం చేతులు మారేది. అయినా వాళ్ళ ముఖాలు మనకు తెలుసు. తగవు పడవచ్చు, గడువు అడగవచ్చు, అవసరమైతే పదిమందీ కలిసి నిలదీయవచ్చు. నేడు ఆ గుంపు పలచబడింది. వాళ్ళ స్థానంలో ముఖం కనపడని వాడొకడు వచ్చాడు. వాడు మన జేబులోని ఫోనులోనే కూర్చున్నాడు.

జీతం బ్యాంకులో పడాలని మనం సమ్మె చేసి సాధించుకోలేదు. 2016 డిసెంబరులో ఆర్డినెన్సుగా, 2017లో చట్ట సవరణగా కేంద్ర ప్రభుత్వం తెచ్చిన ఏర్పాటు అది. కార్మికుని రాతపూర్వక అంగీకారం లేకుండానే జీతాన్ని చెక్కు ద్వారా గానీ, నేరుగా ఖాతాలో గానీ వేసే వీలు యాజమాన్యాలకు కలిగింది. ఇందులో మంచి లేకపోలేదు. ఎంత ఇచ్చారో రుజువు ఉంటుంది. ఒక మొత్తానికి సంతకం పెట్టించుకుని చేతికి మరో మొత్తం ఇచ్చే పాత మోసానికి దారి మూసుకుంటుంది. కనుక ఆ ఏర్పాటును మేం వ్యతిరేకించడం లేదు. మేం అడిగేది వేరు. కొత్త యంత్రం బిగిస్తే దాని కదిలే భాగాలకు కంచె వేయాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. వేలు తెగితే “నువ్వే జాగ్రత్తగా ఉండాల్సింది” అని యాజమాన్యం తప్పించుకోలేదు. మరి ఖాతా తెరిపించి, కార్డు చేతికిచ్చి, ఫోనులో డబ్బు కదిలించడం అలవాటు చేసినవారు దానికి ఏ కంచె వేశారు?

మన ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఇంకో ముడి ఉంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం ఆంధ్ర నుంచి మదరాసు రాష్ట్రంలో చేరింది. నాటి నుంచి తిరువాలంగాడు, పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు మన ఇళ్ళలో మాట తెలుగు, బడి తమిళం, బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ ఇంగ్లీషు. “ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు” అన్న హెచ్చరిక కూడా మన తల్లులకు అర్థం కాని భాషలోనే వస్తోంది. మోసగాడికి ఆ ఇబ్బంది లేదు. “అక్కా, కరెంటు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, బిల్లు కట్టలేదు, ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కనెక్షన్ తీసేస్తాం” అని చక్కటి తెలుగులో చెబుతాడు, తమిళం కావాలంటే తమిళంలోనూ చెబుతాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కన్ను మూసిన మనిషికి అలాంటి ఫోను వస్తే ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది?

ఒకరోజు కరెంటు, మరోరోజు కేవైసీ, ఆ తర్వాత ప్రావిడెంటు ఫండ్. పీఎఫ్ డబ్బు త్వరగా ఇప్పిస్తామని యూఏఎన్ నంబరు, ఆధార్, ఓటీపీ అడుగుతారు. పీఎఫ్ సంస్థ ఈ వివరాలను ఫోనులో అడగదని, తన సేవలకు రుసుము తీసుకోదని పదేపదే ప్రకటించింది. డబ్బు పంపిస్తాం, ఈ బొమ్మను స్కాన్ చేసి పిన్ నొక్కండి అంటారు. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, పోవడానికే కావాలి. ఈ ఒక్క ముక్క తెలిస్తే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి “డిజిటల్ అరెస్టు” అని బెదిరిస్తారు. అలాంటి అరెస్టు మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు.

ఈ సంగతులు జనానికి నేర్పడమే జీవితపు పనిగా పెట్టుకున్నవారు మన దేశంలో కొందరున్నారు. వారిలో నావి అనే పేరుతో ప్రసిద్ధులైన నా. విజయశంకర్ గారిని మేం ప్రత్యేకంగా తలచుకుంటాం. ఆయన మొదట బ్యాంకింగు రంగంలో పనిచేశారు. దేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000లో వచ్చింది. అంతకు ముందే 1998 నుంచి ఆయన ఈ విషయాలపై రాయడం మొదలుపెట్టారు, 1999లో సామాన్యుల కోసం సైబర్ చట్టాలపై పుస్తకం వేశారు, 2000లో ఆ చట్టాలు నేర్పే కళాశాల ప్రారంభించారు. 2004లో చెన్నైలో ఒక మహిళను ఇంటర్నెట్‌లో అసభ్య రాతలతో వేధించిన కేసు నడిచింది. తెర మీది రాతను కోర్టు నమ్మే సాక్ష్యంగా ధ్రువపరచి ఇచ్చినది ఆయనే. ఆ ఏడాది నవంబరులో ఎగ్మూరు కోర్టు ముద్దాయికి శిక్ష వేసింది. మోసపు మెసేజ్ రాగానే కోపంతోనో భయంతోనో చెరిపేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఆ మెసేజే రేపటి సాక్షి.

మనకు మరింత పనికొచ్చే కేసు ఇంకొకటి ఉంది. అబుధాబిలో పనిచేసే ఒక ఖాతాదారుకు 2007లో బ్యాంకు పంపినట్టే ఉన్న ఒక ఈమెయిలు వచ్చింది. నిజమని నమ్మి వివరాలు ఇచ్చాడు, ఖాతాలో లక్షలు పోయాయి. పోయిన డబ్బు అదే ఐసీఐసీఐ బ్యాంకులోని మరో ఖాతాకు చేరింది. రహస్యాలు నువ్వే చెప్పావు, తప్పు నీదే అన్నది బ్యాంకు వాదన. అతని తరఫున వాదించింది నావి గారు. తమిళనాడు ఐటీ శాఖ కార్యదర్శి పీ.డబ్ల్యూ.సీ. డేవిదార్ న్యాయ నిర్ణయాధికారి హోదాలో విని, తీసుకోవలసిన జాగ్రత్తలు బ్యాంకే తీసుకోలేదని తేల్చారు. 12 లక్షల 85 వేల రూపాయలు చెల్లించమని 2010 ఏప్రిల్‌లో తీర్పిచ్చారు. బ్యాంకు అప్పీలుకు వెళ్ళింది. 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కూడా ఖాతాదారు పక్షానే నిలిచింది. తొమ్మిదేళ్ళు! మన వంటివారు తొమ్మిదేళ్ళు వేచి ఉండగలరా అన్నది న్యాయమైన ప్రశ్నే. అయినా ఆ తీర్పు ఒక తలుపు తెరిచింది. మోసపోయినవాడిదే తప్పు అన్న మాట చెల్లదని మన రాష్ట్రంలోనే రుజువైంది.

తెలుగులో నేర్పే ప్రయత్నాలు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 2005లో మొదలుపెట్టిన సమాచార భద్రతా అవగాహన పథకం కింద హైదరాబాదులోని సీ-డాక్ సంస్థ భారతీయ భాషల్లో పుస్తకాలు, గోడపత్రాలు, వీడియోలు తయారుచేస్తోంది. అవి బడులకు, కాలేజీలకు, ఆఫీసులకు వెళుతున్నాయి. వైండింగు ఖాతా దాకా ఎప్పుడు వస్తాయి? ఇలాంటి తరగతులు తరచు ఏసీ హాళ్ళలో, కంప్యూటరు తెలిసినవారికే జరుగుతాయని మా ఫిర్యాదు. నేర్పేవారిలో చాలామంది మంచివారే, కానీ “అత్యాశకు పోకండి” అని ముగించి వెళ్ళిపోతారు. కరెంటు పోతుందని భయపడటం అత్యాశా? పిల్ల కాన్పుకు పీఎఫ్ డబ్బు తొందరగా కావాలనుకోవడం అత్యాశా?

ఈ అత్యాశ అనే నిందే మోసగాడికి రెండో ఆయుధం. డబ్బు పోగొట్టుకున్న మనిషి పదిమందిలో నవ్వులపాలవుతానని నోరు మూసుకుంటాడు. భార్యకు చెప్పడు, భర్తకు చెప్పదు, యూనియన్‌కు అసలే చెప్పరు. ఆ మౌనంలోనే డబ్బు చేతులు మారిపోతుంది. 1930 నంబరుకు వెంటనే ఫోను చేస్తే, డబ్బు ఏ ఖాతాకు చేరిందో చూసి అక్కడే నిలిపివేయడానికి వీలుంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ వీలు తగ్గిపోతుంది. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఆదేశంలోనూ కాలానికే విలువ. తప్పు ఖాతాదారుది కానప్పుడు మూడు పనిదినాల లోపల తెలియజేస్తే నష్టం అతని మీద పడదు. ఓటీపీ చెప్పి మోసపోయినా సరే, బ్యాంకుకు తెలియజేసిన తర్వాత పోయినదానికి బాధ్యత బ్యాంకుదే. తప్పు ఖాతాదారుదే అంటే దాన్ని నిరూపించవలసిన భారం కూడా బ్యాంకు మీదే పెట్టారు. బ్యాంకు కౌంటరులో ఈ మాట మనకు ఎవరైనా చెప్పారా?

2024లో దేశంలో ప్రజలు ఇలాంటి మోసాల వల్ల పోగొట్టుకున్న మొత్తం 22,845 కోట్ల రూపాయలని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది. ఇది ఫిర్యాదు చేసినవారి లెక్క. సిగ్గుతో ఊరుకున్నవారు ఇందులో లేరు.

ఫోనుకు అటువైపు ఉన్నది ఎవరో కూడా తెలుసుకోవాలి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు ఒక ఘోరాన్ని బయటపెట్టారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన తెలుగు యువకులను కంబోడియాకు తరలించి, అక్కడ కాపలా మధ్య కూర్చోబెట్టి, సొంత దేశపు జనాన్ని ఫోనులో మోసం చేసే పని చేయించారు. లొంగనివారిని హింసించారు. ఆ నెలలోనే అక్కడ చిక్కుకున్న భారతీయులు తిరగబడ్డారు, కొందరు విశాఖకు తిరిగి రాగలిగారు. మనల్ని “అక్కా” అని పిలిచి దోచేవారిలో కొందరు ఇలా కట్టుబానిసలైన పిల్లలు. లాభం తినేవాడు వేరెక్కడో ఉన్నాడు. ఊళ్ళో ఏజెంటు ఎవరైనా థాయిలాండులో, సింగపూరులో కంప్యూటరు ఉద్యోగమంటే, డబ్బు కట్టకముందే ఆ కాగితాలు యూనియన్ కార్యాలయానికి తెచ్చి చూపించండి.

మరొక మాట, ఇది యువ కార్మికులకు. మీ పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కొద్దిరోజులు వాడుకోనిస్తే కమీషను ఇస్తామని కొందరు తిరుగుతున్నారు. దోచిన డబ్బు దాటించడానికి వాళ్ళకు పేదవాడి ఖాతా కావాలి. పోలీసులు మొదట వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వారి ఇంటికే. ఇందులో మేం ఎవరినీ వెనకేసుకు రాలేము. తోటి కార్మికురాలి జీతం మీ ఖాతా గుండా పోయిందని తెలిస్తే రేపు ఏ ముఖంతో పక్క ఫ్రేము దగ్గర నిలబడతారు?

అప్పుల యాప్‌ల గురించి వేరే సంచికలో వివరంగా రాయాలి. 2020 డిసెంబరులో తెలంగాణలో వాటి వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారి కథలు మనం మరచిపోలేదు. ఫోనులోని పేర్లన్నీ చూడనిస్తేనే అప్పిస్తానన్న యాప్ జోలికి పోవద్దని మాత్రం ఇప్పటికి చెబుతున్నాం.

1918లో మదరాసు లేబర్ యూనియన్ పుట్టినప్పుడు బీ అండ్ సీ మిల్లు కార్మికులు అడిగిన వాటిలో ఒకటి మధ్యాహ్న విరామాన్ని ముప్పై నిమిషాల నుంచి నలభై చేయమని. పది నిమిషాల కోసం అంత పోరాటమా అని ఆనాడూ నవ్వినవారు ఉండే ఉంటారు. మనం ఇప్పుడు అడుగుతున్నదీ చిన్నదే. ప్రతి షిఫ్టులోనూ మూడు నెలలకొకసారి, పని వేళలోనే, జీతం కోత లేకుండా అరగంట తరగతి. మన జీతాల ఖాతాలున్న బ్యాంకు నుంచి ఒక అధికారి వచ్చి తెలుగులోనూ తమిళంలోనూ చెప్పాలి, అడిగినదానికి జవాబివ్వాలి. చదువురాని వారు కూడా గుర్తుపట్టేలా 1930 అంకె పెద్దదిగా టైమ్ ఆఫీసు గోడ మీద, క్యాంటీన్‌లో, మహిళల హాస్టల్‌లో రాయించాలి. ఈ మూడింటినీ ఈసారి డిమాండ్ల పత్రంలో చేరుస్తున్నాం.

యాజమాన్యం జవాబు వచ్చేలోగా మన పని మనం మొదలుపెడదాం. ఆదివారాల్లో యూనియన్ కార్యాలయంలో ఒకరు కూర్చుంటారు. అనుమానం ఉన్న మెసేజ్ ఏదైనా తెచ్చి చూపవచ్చు. డబ్బు పోతే మాత్రం ఆదివారం దాకా ఆగకండి, ముందు 1930కి చేయండి, తర్వాత బ్యాంకుకు, ఆ తర్వాత మాకు. ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకుని తీసుకురండి. బ్యాంకుకు మీతో పాటు మా మనిషి కూడా వస్తాడు.