చేవెళ్ల రోడ్డు: మర్రి చెట్లు ఉంటాయి సరే, వాటి కింద గంపలు పెట్టుకునేవాళ్ల సంగతేంటి?

శనివారం పొద్దున్నే కొత్తగూడలో బయల్దేరి, గచ్చిబౌలి దగ్గర ఔటర్ ఎక్కి, అప్పా జంక్షన్‌లో దిగి అనంతగిరి కొండల వైపు వెళ్లిన అనుభవం మీకు ఉంటే ఈ రోడ్డు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. రెండు పక్కలా ఊడలు దిగిన మర్రి చెట్లు, దాదాపు 900. నిజాం కాలంలో బాటసారుల కోసం నాటించారని చెబుతారు. వాటి కింద ఓ రోజు మక్క కంకులు, ఓ రోజు సీతాఫలాలు, ఏడాది పొడవునా కూరగాయలు. తిరిగి వచ్చేటప్పుడు మీరూ కారు ఆపి వంకాయలో, బీరకాయలో కొనే ఉంటారు.

ఈ రోడ్డు ఇప్పుడు నాలుగు వరుసలు అవుతోంది. వార్తలన్నీ చెట్ల చుట్టూనే తిరిగాయి. చెట్ల కింద కూర్చునేవాళ్ల గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఇన్నేళ్లు ఎందుకు ఆగింది?

బీజాపూర్ రోడ్డుగా అందరూ పిలిచే ఈ మార్గం జాతీయ రహదారి 163లో భాగం. విస్తరణకు 2022లోనే శంకుస్థాపన జరిగింది. మర్రి చెట్లను కొట్టేయొద్దంటూ పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రైబ్యునల్ చెన్నై బెంచ్‌కు వెళ్లడంతో పని నిలిచిపోయింది. చివరికి ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనివాటిని వేరేచోటికి తరలించేలా జాతీయ రహదారుల సంస్థ డిజైన్ మార్చింది. 2025 అక్టోబరు చివర్లో ట్రైబ్యునల్‌లో అడ్డంకి తొలగింది.

ఆ వెంటనే, నవంబరు 3న మీర్జాగూడ దగ్గర తాండూరు డిపో బస్సును కంకర టిప్పర్ ఎదురుగా వచ్చి ఢీకొట్టింది. 19 మంది చనిపోయారు. మధ్యలో డివైడర్ లేని రోడ్డు అది. చెట్ల కోసం మనుషుల ప్రాణాలు తీశారని ఆ రోజు చాలామంది అన్నారు. ఆ కోపాన్ని అర్థం చేసుకోవచ్చు. కానీ ఈ రోడ్డు మీద అంతకు ముందు జరిగిన ఇంకో ప్రమాదాన్ని కూడా గుర్తుచేసుకోవాలి. 2024 డిసెంబరు 2న ఆలూరు దగ్గర ఓ లారీ రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకునేవాళ్ల మీదికి దూసుకెళ్లింది. ప్రాణాలు పోయినవాళ్లు ప్రయాణికులు కాదు, గంపల ముందు కూర్చున్నవాళ్లు. డివైడర్ వేస్తే ఎదురెదురు ఢీకొట్టుకోవడం ఆగుతుంది. వేగం పెరిగిన రోడ్డు అంచున కూర్చున్నవాళ్లకు మాత్రం ముప్పు పెరుగుతుందే తప్ప తగ్గదు.

చెట్టు మధ్యలోకి వస్తే?

పాత రోడ్డుకు ఒక పక్కనే కొత్త వరుసలు వేస్తే, అటువైపు ఉన్న చెట్లు రెండు దారుల నడుమ డివైడర్‌లోకి వస్తాయి. చెట్టును కాపాడటానికి అది మంచి మార్గమే. అయితే డివైడర్‌లో ఎవరూ గంప పెట్టుకుని కూర్చోలేరు, కూర్చోనివ్వకూడదు కూడా. అంటే మర్రి చెట్టు ఉంటుంది, దాని నీడ మాత్రం తారు మీద పడుతుంది. వందేళ్లుగా ఆ నీడను వాడుకున్న ఊళ్లవాళ్లు ఎండలోకి జరగాలి. ఎక్కడికి జరగాలో చెప్పే కాగితం ఏదైనా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఎవరికి వర్తిస్తుంది?

కొత్తగూడలో తోపుడు బండి పెట్టుకున్న మనిషికి 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. సర్వే చేయాలి, ధ్రువపత్రం ఇవ్వాలి, వేరేచోటికి తరలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి. అమలు ఎంత నత్తనడకన సాగుతుందో మీకు తెలిసిందే, అయినా అడగడానికి ఓ ఆధారం ఉంది. ఆ చట్టం నగరాలు, పట్టణాలకే. చేవెళ్ల, మొయినాబాద్ 2025లో మున్సిపాలిటీలు అయ్యాయి కాబట్టి వాటి పరిధిలో దాన్ని అడగొచ్చు. ఆ హద్దు దాటి గ్రామ పంచాయతీలో కూర్చున్నవాళ్లకు అది వర్తించదు.

పైగా జాతీయ రహదారి స్థలం కేంద్రానిది. 2002 నాటి రహదారి భూముల నియంత్రణ చట్టం ప్రకారం పక్కా కట్టడాన్ని తీయాలంటే నోటీసు కావాలి. ఆరుబయట పరిచిన సరుకునూ తాత్కాలిక దుకాణాన్నీ తీసేయడానికి ఆ నోటీసు కూడా అక్కర్లేదు. మరి పరిహారం? భూమి లేకపోయినా, సేకరించే భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కుటుంబాలను 2013 భూసేకరణ చట్టం బాధితులుగా గుర్తిస్తుంది. మర్రి చెట్టు కింది జాగా మాత్రం ముందునుంచీ రోడ్డుదే. దాన్ని కొత్తగా సేకరించేదేమీ లేదు కాబట్టి ఆ దారీ మూసుకున్నట్టే.

చెట్లకు లెక్క ఉంది, వాటి తరఫున మాట్లాడే కోర్టు ఉంది. గంపలకు రెండూ లేవు.

వేరే దారి ఉందా?

జపాన్ 1993లో 'మిచి నో ఎకి' పేరుతో దారి పక్క స్టేషన్లు మొదలుపెట్టింది. పార్కింగ్, మరుగుదొడ్లు ప్రభుత్వం చూసుకుంటుంది, ఆ ఊరి రైతుల పంట అమ్మే దుకాణాన్ని స్థానిక సంస్థ చూసుకుంటుంది. ఇప్పుడవి 1,200 దాటాయి. మన దగ్గరా జాతీయ రహదారుల పక్కన 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒకటి చొప్పున సౌకర్య కేంద్రాలు కడుతున్నారు, టెండరు వేసి సంస్థలకు లీజుకిస్తారు. మొత్తం 46 కిలోమీటర్ల రోడ్డు మీద అలాంటిది ఒక్కటి వచ్చినా ఆలూరు నుంచి గంపతో నడిచొచ్చే ఆమెకు అది ఎందుకు పనికొస్తుంది? ఆమెకు కావాల్సింది చాలా చిన్నది. తన ఊరి స్టేజీ దగ్గర, వేగంగా పోయే వరుసకు రెయిలింగ్ అవతల, సర్వీసు రోడ్డు పక్కన నాలుగు కార్లు ఆగే జాగా, ఓ అరుగు, ఓ కొళాయి. తరలించాల్సిన మర్రి చెట్లలో ఒకటి రెండు అక్కడే నాటితే ఇంకా మంచిది.

రోడ్డు గీత గీసేటప్పుడే వీటికి చోటు చూడాలి. కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరి 1న తెరుచుకుంది. పైనుంచి వెళ్లేటప్పుడు కింద ఏ దుకాణం ఉందో మీకెప్పుడైనా కనిపించిందా?

మీరేం చేయొచ్చంటే, సర్వీసు రోడ్లు, బస్ బేలు, పాదచారులు దాటే చోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే డ్రాయింగ్‌ల నకళ్లు ఇవ్వమని జాతీయ రహదారుల సంస్థకు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ ఊళ్లలో మీకు చుట్టాలుంటే, అమ్ముకునేవాళ్ల పేర్లతో పంచాయతీ తీర్మానం చేయించి సోమవారం ప్రజావాణిలో కలెక్టర్‌కు ఇమ్మనండి. రహదారి హెల్ప్‌లైన్ 1033 ప్రమాదం జరిగినప్పుడు పనికొస్తుంది కానీ ఈ పనికి కాదు. అరుగు సంగతి ఫోన్‌లో తేలేది కాదు, కాగితం మీదే అడగాలి.